ఒక్కరు చాలు

నోరా, వీపుకి దెబ్బలు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఉదయం పెద్దకోడలు నోరు జారి అన్నవి రెండే రెండు మాటలు. అవైనా ఎవరి మీదా కోపంతో అన్నవి కావు, కట్టుకున్నవాడి పనితనం మీద మురిపెంతో అన్నవి. అయితేనేం, చేటు చేటే.

ఆసుపత్రి గేటు నుంచి ఓపీ దాకా దారికి రెండువైపులా ఎత్తయిన చెట్లు. ఏడాది పొడుగునా వచ్చేపోయేవాళ్ళు ఆ నీడన నిలబడి ఆహా అనుకుంటారు. ఆకులు రాలే కాలంలో మాత్రం ఆ చెట్లని నోరారా తిట్టుకునేవాళ్ళు ఇద్దరున్నారు. ఒకే ఇంటి తోడికోడళ్ళు. పెద్దకోడలు పొట్టి, చిన్నకోడలు ఆమెకన్నా తలంత పొడుగు. ఇద్దరిదీ ఒకటే పని. పొద్దున్నే వచ్చి దారి ఊడవాలి, ఆకులు ఆవరణ చివరనున్న చెత్తగోతిదాకా మొయ్యాలి. అన్నిటికన్నా ముందు ఓపీ మెట్ల పక్కనున్న ర్యాంపు శుభ్రం చెయ్యాలి. దాని మీద తడిసిన ఆకు ఒక్కటి మిగిలినా చక్రాల కుర్చీ జారుతుంది.

వంగి ఊడ్చి ఊడ్చి పెద్దకోడలి నడుం పట్టేసింది. మంచం మీద పక్కకి ఒత్తిగిలాలన్నా పట్టెని పట్టుకోవాల్సిందే. రోజూ అది చూడలేక ఆమె భర్త, పని చేసే కార్ఖానా మూతపడి ఇంట్లో ఉంటున్న ఫిట్టరు, ఒకనాడు పాడైపోయిన టేబుల్ ఫ్యాను ముందేసుకుని కూర్చున్నాడు. అందులోంచి పుట్టిందే ఇప్పుడు ఆమె గోనెగుడ్డ విప్పి బయటికి తీసిన వస్తువు.

“ఇదేంటక్కా, ఫ్యానుని పెళ్ళికూతుర్ని చేసి తెచ్చావు?” అంది చిన్నకోడలు.

ఫ్యాను ముందుండే తీగల జాలీని సగానికి కోసి, తీగల కొసలు కిందికి వంచి పళ్ళలా చేశాడు ఫిట్టరు. దానికో అల్యూమినియం గొట్టం బిగించాడు. గొట్టం మెడ దగ్గర వంపు పెట్టాడు, మనిషి నిలబడి లాగినా పళ్ళు నేలమీద పరుచుకునేలా. పట్టుకునేచోట సైకిల్ ట్యూబు చుట్టాడు. బొడ్డు ఎత్తున పక్కకి పాత సైకిల్ హ్యాండిల్ ముక్క ఒకటి రివెట్లతో దిగ్గొట్టాడు, ఎడమచేత్తో పట్టుకోవడానికి. దీంతోపాటు ఓ పాత ఫ్లెక్సీ కూడా ఇచ్చాడు. పళ్ళపొడి ప్రకటన తాలూకు ఫ్లెక్సీ అది. గాలికి లేవకుండా దాని ముందు అంచులో సైకిల్ చెయిను పెట్టి కుట్టాడు, వెనక కొసలకి తాడు కట్టి ఆ తాడుని పాత బెల్టుకి తగిలించాడు. ఆకులు దాని మీదికి లాక్కోవడం, బెల్టు నడుముకి పెట్టుకుని గోతిదాకా నడిచిపోవడం. అంతే పని.

పెద్దకోడలు మొదట రెండుసార్లు లాగి చూసింది. తీగలు నేలని గీసుకుంటూ వెళ్ళి ఆకుల్ని దువ్వెన పెట్టి దువ్వినట్టు తెచ్చి కాళ్ళ దగ్గర పడేశాయి. మట్టి రాలేదు, రాళ్ళు రాలేదు. నడుము వంగలేదు. ఆమెకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో ఒళ్ళు తన మాట విన్నట్టనిపించింది.

టీ వేళకి తన వైపు దారంతా అయిపోయింది. చిన్నకోడలి వైపు ఇంకా సగమైనా కాలేదు. పెద్దకోడలు అటు దాటి ఆ మిగిలింది కూడా లాగడం మొదలుపెట్టింది. ఫ్లెక్సీ మీద పళ్ళికిలిస్తున్న అమ్మాయి మొహం ఆకుల కింద మునుగుతూ తేలుతూ గోతివైపు సాగిపోతుంటే చిన్నకోడలు చీపురు వదిలేసి పడీపడీ నవ్వింది.

సరిగ్గా అప్పుడే మేస్త్రీ వచ్చాడు. పనివాళ్ళ మీద అజమాయిషీ అతనిది. ఎంతసేపటి నుంచి పంపుగది పక్కన నిలబడి చూస్తున్నాడో ఏమో.

“ఎవరు చేశారమ్మా ఇది?”

“మా ఆయనేనండి. ఆయన చెయ్యి పడితే తుప్పు కూడా మాట వింటుంది.”

“ఇద్దరు మధ్యాహ్నం దాకా ఊడ్చేది, అప్పుడే అయిపోవచ్చిందే!”

“ఇదుంటే ఇద్దరెందుకండీ మేస్త్రీగారూ? ఒక్కరు చాలు!”

మేస్త్రీ తల పంకించి వెళ్ళిపోయాడు. పెద్దకోడలు వెనక్కి తిరిగేసరికి చిన్నకోడలి నవ్వు ఆగిపోయి ఉంది. కింద పడేసిన చీపురు మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఊడ్చేసిన చోటే ఊడుస్తోంది.

మర్నాడు మేస్త్రీ చీపుళ్ళిచ్చే గది దగ్గర పెద్దకోడలిని పక్కకి పిలిచాడు.

“ఆఫీసులో సారుకి చెప్పానమ్మా. మనుషుల్ని తగ్గించమని ఆయన మీద పైనుంచి ఒకటే ఒత్తిడి. శుక్రవారం వచ్చి కళ్ళారా చూస్తానన్నారు. నచ్చిందంటే ఈ ఆవరణకి ఇక ఒక్కరే.”

ఆమె గబగబా అడ్డుపడింది. “నేనేదో మాటవరసకన్నానండి.”

“మాటవరసకేముంది, చూశానుగా. నీకేం భయం లేదు. పనిముట్టు నీది, పని నీది. అవతలామె సంగతే చూసుకోవాలి.”

“ఆమె మా మరిది భార్యండి.”

“తెలుసు” అన్నాడు మేస్త్రీ. అతను చెడ్డవాడేం కాదు. గోడకి మేకు కొట్టేవాడికి గోడ మీద కోపముంటుందా, అలాంటి మనిషి.

ఇక్కడ ఒక్క విషయం చెప్పుకోవాలి. ఆ అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, మధ్యలో చిన్న వాకిలి, ఆ వాకిట్లో ఒకటే కుళాయి. పెద్దవాడి కార్ఖానా మూతపడింది. చిన్నవాడు లారీ డ్రైవరు, కాలు విరిగి కట్టుతో మంచం మీదున్నాడు. ఆ ఇంట్లో రెండు పొయ్యిలూ వెలుగుతున్నది ఆ రెండు చీపుళ్ళ మీదే. ఒక చీపురు పోతే ఒక పొయ్యి ఆరుతుంది. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర చిన్నకోడలు బిందె పెట్టి నిలబడి ఉంది. పెద్దకోడలు తన బిందెతో వచ్చి పక్కన నిలబడింది. మామూలుగా అయితే ఇద్దరి నోళ్ళూ నీళ్ళకన్నా ఎక్కువ పారుతుంటాయి.

“మేస్త్రీ అన్నదేదీ మనసులో పెట్టుకోకే” అంది పెద్దకోడలు.

“మేస్త్రీ ఏమన్నాడక్కా? అన్నది నువ్వు కదా.”

“నోరు జారానే. మీ బావగారి పని చూసుకుని పొంగిపోయి...”

“ఒక్కరు చాలన్నావు. ఆ ఒక్కరెవరో కూడా అప్పుడే చెప్పేస్తే ఓ పనైపోయేది.” బిందె నిండి పొర్లుతోంది. చిన్నకోడలు దాన్ని ఎత్తి చంకన పెట్టుకుంది. “డాక్టరు ఆయన్ని ఇంకా కాలు కింద పెట్టొద్దన్నాడు. నీకు తెలీదనా?”

నీళ్ళు ఒలుకుతుంటే అలాగే నడిచి లోపలికి పోయింది. పెద్దకోడలు కుళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోయి నిలబడింది.

లోపల ఫిట్టరు ఈల వేస్తున్నాడు. బకెట్టు మూతలు రెండు ముందు పెట్టుకుని, వాటికి పాత హవాయి చెప్పుల పట్టీలు బిగిస్తున్నాడు. ఒక్కో చేతికి ఒక్కో మూత తొడుక్కుంటే తడి ఆకుల్ని అటూ ఇటూ అదిమి ఒక్కసారే బారెడు ఎత్తొచ్చట. మొగుడి నోట ఈల విని ఆమెకి ఎంత కాలమైందో. కార్ఖానా గేటుకి తాళం పడిన నాటి నుంచీ ఆ మనిషి ఇంట్లో కుర్చీ జరిపినా చప్పుడు కాకుండా జరిపేవాడు, ఉన్నందుకు తప్పయినట్టు.

“చాల్లెండి, ఆపండి” అంది.

“ఏమైంది?”

ఆమె చెప్పింది. ఫిట్టరు చేతిలోని పట్టీని అలాగే పట్టుకుని విన్నాడు.

“అయితే ఏమంటావు? నీ నడుం తేలికవ్వాలని చేశాను. పని తేలికవడం కూడా తప్పేనా?”

“తప్పని ఎవరన్నారు? ఆ పిల్లకి కూడా ఒకటి చెయ్యండి. ఇద్దరి దగ్గరా ఉంటే ఎవరూ ఎక్కువ కాదు, తక్కువ కాదు.”

“అప్పుడు పని ఇంకా త్వరగా అయిపోతుంది. వాళ్ళు ఇద్దర్నీ చూసి సగం మనిషి చాలంటారు.” అతను మూత పక్కన పెట్టేశాడు. “విరగ్గొట్టెయ్యమంటావా? చెప్పు, ఇప్పుడే విరగ్గొట్టేస్తాను.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ పనిముట్టు చేస్తున్నన్ని రోజులూ ఆ మనిషి మొహంలో వచ్చిన వెలుగు ఆమె కళ్ళారా చూసింది. దాన్ని తన నోటితో ఎలా ఆర్పుతుంది?

గురువారం ఆమె కావాలనే పాత చీపురు పట్టుకుని పనిలోకి దిగింది. మేస్త్రీ చూసి కళ్ళెర్రజేశాడు. “అదెక్కడ?” అన్నాడు. ఇంటి దగ్గరుందంటే వెంటనే తెప్పించమన్నాడు. తెచ్చాక తనే పట్టుకెళ్ళి చీపుళ్ళ గదిలో గోడకి ఆనించాడు. “రేపు సారు వచ్చేదాకా ఇది ఇక్కడే ఉంటుంది. పాడైందంటే నాకు మాటొస్తుంది” అన్నాడు. అతని మాటలో అది అప్పుడే ఆసుపత్రి సొత్తు అయిపోయింది.

మధ్యాహ్నం అన్నాల వేళ పెద్దకోడలు గ్లాసు మర్చిపోయి ఆ గదికి తిరిగొచ్చింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల గరగరమని చప్పుడు. తోసి చూస్తే చిన్నకోడలు. నేలమీద ఎక్కడి నుంచో తెచ్చిన నాలుగు దోసిళ్ళ ఆకులు పోసుకుని, ఆ జాలీతో లాగుతోంది. మళ్ళీ చెదరగొట్టి మళ్ళీ లాగుతోంది. పక్కపిడి ఆమెకి మరీ కిందికుంది. దాన్ని అందుకోవడానికి ఒంగి, మెడ నిక్కించి, పళ్ళు బిగించి లాగుతోంది.

“ఏం చేస్తున్నావే?”

చిన్నకోడలు ఉలిక్కిపడింది కానీ చేతిలోది వదల్లేదు. “చూస్తున్నానక్కా. చెయ్యి ఎలా తిరగాలో.”

“నేర్చుకుని?”

“అడిగితే నువ్వు నేర్పేదానివా?”

నేర్పేదాన్నే అనబోయింది పెద్దకోడలు. నిజంగా నేర్పేదేనా? గ్లాసు తీసుకుని వచ్చేసింది.

శుక్రవారానికి చిన్న వాన కురిసి వెలిసింది. ఆకులు నేలకి అతుక్కుని ఉన్నాయి. ఆఫీసు సారు గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, ఓపీ మెట్ల మీద నిలబడ్డాడు. పక్కన మేస్త్రీ. చిన్నకోడలు చీపురు పట్టుకుని అవతల.

పెద్దకోడలు దారిపొడుగునా ఒకటే అనుకుంటూ వచ్చింది. నెమ్మదిగా లాగాలి. రెండుసార్లు జారవిడవాలి. తడాకు రావడం లేదండీ, ఎండు ఆకుకే పనికొస్తుందండీ అనాలి. అందరూ చూస్తుండగా తన పని తనే తక్కువ చేసుకుంటే సరిపోతుంది. నడుం పోతే పోయింది, ఇద్దరూ ఉంటారు.

తీరా బెల్టు పెట్టుకుని తలెత్తేసరికి గేటు పక్కన ఫిట్టరు కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రావద్దని చెప్పింది. వచ్చాడు. ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా చేతులు రెండూ ముందు కట్టుకుని, ఎవరికీ అడ్డం కాకుండా ప్రహరీకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె చేతుల్లోని దాన్నే చూస్తున్నాడు.

ఇక ఆమె చేతులు ఆమె మాట వినలేదు. తీగల్ని పక్కకి వాల్చి తడాకు అంచు కిందికి దూర్చింది, ఒక్క విసురున లాగింది. ర్యాంపు అంతా తుడిచినట్టయింది. పొద్దున ఫిట్టరు సంచిలో పెట్టిచ్చిన మూతలు రెండు చేతులకీ తొడుక్కుని, నిటారుగానే గొంతుక్కూర్చుని గుట్టల్ని ఎత్తి ఫ్లెక్సీ మీద వేసింది. గోతిదాకా నడిచింది, వచ్చింది. ఎక్కడా నడుం ఒంచలేదు, ఆగలేదు. బాగా చెయ్యడం తప్ప ఇంకో రకంగా చెయ్యడం ఆ చేతులకి ఎవరూ నేర్పలేదు. గేటు దగ్గర మనిషి మొహం చూసి ఒక్క క్షణం ఆమెకి సంతోషమే వేసింది. ఆ సంతోషానికి సిగ్గూ వేసింది.

“బాగుంది” అన్నాడు సారు. “దీన్ని వాడటం నేర్చుకోవాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?”

మేస్త్రీ నోరు తెరిచేలోగా చిన్నకోడలు చీపురు కింద పెట్టేసింది. “నాకూ వచ్చండి” అంది.

ఆమె వచ్చి పెద్దకోడలి చేతిలోంచి పనిముట్టు తీసుకుంది. కళ్ళు కలపలేదు. మిగిలిన దారిలో ఒక బార పొడుగునా లాగి చూపించింది. పిడి అందక ఒంగింది, అయినా వయసులో ఉన్న ఒళ్ళు, చకచకా లాగేసింది. రొప్పుతూ వచ్చి నిలబడింది.

సారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “ఈ పెద్దావిడే కదూ, నడుం నొప్పని మన ఓపీలో చూపించుకుంటోంది?”

“అవునండి” అన్నాడు మేస్త్రీ, నేల చూస్తూ.

“మరింకేం? పనిముట్టు ఇంత తేలిగ్గా ఉన్నప్పుడు వయసులో ఉన్నావిడని ఉంచుదాం. ఈవిడకీ విశ్రాంతి. వచ్చే నెల నుంచి.”

పెద్దకోడలికి ఆ మాట వెంటనే తలకెక్కలేదు. ఇన్ని రోజులూ ఆమె చిన్నకోడలి పొయ్యి గురించే కుమిలింది. ఆరబోయేది తనదని ఒక్కసారైనా అనుకోలేదు. ఏ నడుము కోసం ఆ వస్తువు పుట్టిందో ఆ నడుమునే చూపించి ఆమెని వద్దంటున్నారు. ఎవరి మీద కోప్పడాలో తెలీక బెల్టు విప్పి ఫ్లెక్సీ మీద పడేసింది.

ఫిట్టరు గేటు దగ్గర నుంచి నడిచి వచ్చాడు. చిన్నకోడలి చేతిలోంచి పనిముట్టు తీసుకున్నాడు, నేలమీది మూతలు ఏరుకున్నాడు, ఫ్లెక్సీ చుట్టాడు.

“ఇవి మా ఇంటివండి” అన్నాడు.

మేస్త్రీ ఏదో అనబోతే సారు చెయ్యెత్తి ఆపాడు. “పోనివ్వండి. చీపురుతోనైనా సరే, ఇక్కడ మాత్రం ఒక్కరే. పైకి రాసేస్తున్నాను.”

చిన్నకోడలు అప్పుడు తలెత్తింది. అంత పెద్ద దారి, ర్యాంపు, గొయ్యి, చేతిలో ఒట్టి చీపురు. ఆమె మొహం పాలిపోయింది.

నెల మారింది. ఆకులు రాలడం మాత్రం ఆగలేదు. చిన్నకోడలు చీకటితోనే వెళ్ళి సందెవేళకి వస్తోంది. పెద్దకోడలు వాకిట్లో కూర్చుని ఆమె రాక చూసేది. మొదటి రోజు, బాగా అయింది అనుకుంది. ఇందులో దాపరికమేం లేదు, మనసారా అనుకుంది. రెండో రోజూ అనుకుంది. క్యాంటీనులో గిన్నెలు తోమే పని ఉందని ఎవరో చెబితే అడిగి వచ్చింది, చూస్తామన్నారు. ఫిట్టరు ఈల వెయ్యడం మానేశాడు. ఆ పనిముట్టుని తలుపు మూలకి తిప్పి పెట్టాడు, పళ్ళు గోడవైపు ఉండేలా.

మూడో రోజో నాలుగో రోజో, చిన్నకోడలు కుళాయి దగ్గర బిందె నింపుకుంది. ఎత్తబోయి ఆగింది. ఒక చెయ్యి గోడ మీద వేసి, ఇంకో చెయ్యి నడుం మీద వేసి, కళ్ళు మూసుకుని నిలబడింది. ఊపిరి బిగబట్టి, మెల్లిమెల్లిగా వదిలింది. అది ఎలాంటి ఊపిరో పెద్దకోడలికి ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కకి ఒత్తిగిలేముందు తను రోజూ బిగబట్టే ఊపిరే అది.

లేచి వెళ్ళి బిందె అందుకుంది. “జరుగు” అంది.

“వద్దక్కా.”

“జరగమంటున్నానా?”

బిందె వాళ్ళ గుమ్మంలో పెట్టి తన గదిలోకి వెళ్ళింది. తలుపు మూలనున్న దాన్ని ఇవతలికి లాగింది.

“ఏవండీ, టేపు తియ్యండి.”

ఫిట్టరు తలెత్తి చూశాడు. “ఎందుకు?”

“ఈ పిడి ఆ పిల్లకి అందడం లేదు. పైకి జరపాలి. గొట్టం కూడా పొడుగు చెయ్యాలి.”

“నీ పొట్ట కొట్టిన పనిముట్టు కదే ఇది. నీ చేత్తోనే తీసుకెళ్ళి ఇస్తావా?”

“పొట్ట కొట్టింది ఇది కాదు. ఇది నా నడుముని మోసింది.” ఆమె పిడి మీద చేత్తో చరిచింది, కోపంతోనే. “ఆ పిల్ల నాకు చేసింది నేను మర్చిపోను. చచ్చేదాకా గుర్తు పెట్టుకుంటాను, మొహం మీదే అంటాను. కానీ నా నడుం దానికొద్దండీ. నా పగవాళ్ళకైనా వద్దు.”

ఫిట్టరు లేచి పెట్టె తెరిచాడు. రివెట్లు తీసే ఉలి, సుత్తి, టేపు తీసుకుని వాకిట్లోకి వచ్చాడు.

చిన్నకోడలు తన గుమ్మంలోనే ఉంది. లోపల మంచం మీది నుంచి ఆమె మొగుడు, “ఏంటే ఆ చప్పుడు?” అని అడుగుతున్నాడు.

“ఇలా రా” అంది పెద్దకోడలు.

వచ్చింది. తోడికోడలి చేతిలోని పనిముట్టు చూసింది, టేపు చూసింది. అప్పటిదాకా ఎక్కడ దాచుకుందో, బొటబొటా కన్నీళ్ళు కారాయి. “అక్కా, నేను ఆ రోజు...” అంటూ తల దించుకుంది. భుజాలు రెండూ ముందుకి ఒరిగిపోయాయి.

“ఆ సంగతి తర్వాత. నాలుగు తిట్లు దాచి ఉంచాన్లే నీకోసం, తీరిగ్గా తిడతాను.” పెద్దకోడలు కిందికి ఒంగలేదు, టేపు కొసని కాలి బొటనవేలితో నేలకి తొక్కిపెట్టింది. రెండో కొస చిన్నకోడలి మోచేతి దాకా లాగింది. ఫిట్టరు పెన్సిలు చెవి మీది నుంచి తీసి కాచుకుని నిలబడ్డాడు.

అంకె కుదరలేదు. ఆమె టేపు వదిలి, తోడికోడలి గడ్డం కింద వేళ్ళు పెట్టి పైకెత్తింది.

“నిటారుగా నిలబడవే” అంది. “ఒంగితే కొలత తప్పొస్తుంది.”